బందరు త్రోవను వచ్చిన బుడతకీచు మాటలు

హైదరాబాదు నగరమునకు తూర్పున దిల్‌సుఖ్‌నగరును, ఎల్బీనగరును, హయత్‌నగరును దాటిన పిమ్మట అబ్దుల్లాపూర్‌మెట్ అను గ్రామము కలదు. 2016వ సంవత్సరమునుండి అది రంగారెడ్డి జిల్లాలో నొక మండలమునకు ముఖ్యస్థలము. దాని మీదుగా పోవు రాజమార్గము విజయవాడను దాటి మచిలీపట్టణమునకు, అనగా బందరు రేవునకు, చేరుచున్నది. సముద్రమునకు మూడువందల కిలోమీటరుల దూరమున నున్న యా మెట్టనేలపై నిల్లు కట్టు మేస్త్రిని, భుజమున తువాలు వేసికొన్న కూలివానిని, బాల్చీతో నీరు మోయు నిల్లాలిని, అంగీకి బొత్తాము కుట్టు దర్జీని చూచువారు ఆ మాటలన్నియు నానాటినుండి తెలుగువారివే యని తలంతురు. కాని మేస్త్రి, తువాలు, బాల్చీ, బొత్తాము అను నీ నాలుగును పోర్తుగల్లు దేశపు భాషనుండి వచ్చినవి.

పోర్తుగల్లువారు తెలుగుదేశమున రాజ్యము చేయలేదు. గోవలో వలె నిచ్చట రాజధానిని నిర్మించి న్యాయస్థానములను నెలకొల్పలేదు. బందరులో వారి సంఘ మొకటి కొంతకాల ముండి, జనసముదాయమున కలిసిపోయినది. అట్టివారి మాటలు ఇంటింటికి నెట్లు చేరినవి? ఏ త్రోవను వచ్చినవి? వానినిబట్టి యా సంఘమును గూర్చి యేమి తెలియుచున్నది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే యీ వ్యాసమున కుద్దేశము. కట్టడములును శాసనములును లోపించినచోట మాటయే సాక్షి యగును. అయినను సాక్షిని విచారింపక నమ్మరాదు గాన, ఏ మాట యెంతవరకు నమ్మదగినదో కూడ నిందు పరిశీలింపబడును.

బుడతకీచులు, ఫిరంగులు

తెలుగువారు పోర్తుగల్లువారికి పెట్టిన పేరు బుడతకీచులు. 'పోర్తుగేజ్' అను శబ్దము తెలుగునోట నలిగి యీ రూపము దాల్చినది. హాలెండువారు వలందు లయినట్లును, ఫ్రాంసువారు పరాసు లయినట్లును ఇదియు నైనది. ఇవి పండితులు కూర్చుండి కల్పించిన పేర్లు కావు. రేవులో మూటలు మోసినవారును, పడవలు నడపినవారును, దుబాసీలును పలుకగా పలుకగా నేర్పడినవి.

మచిలీపట్టణమున వలందపాలెము, పరాసుపేట, ఇంగ్లీషుపాలెము అను పేటలు నేటికిని గలవు. వలందుల శ్మశానమున 17వ శతాబ్దపు సమాధిఫలకములు, కుటుంబచిహ్నములతో సహా, నిలిచియున్నవి. ఐరోపావారిలో ముందుగా వచ్చిన బుడతకీచులకు మాత్ర మంతటి ప్రసిద్ధమైన పేటగాని, అట్టి రాతిగుర్తులుగాని లేవు. ఇందుకు రెండు కారణములు చెప్పవచ్చును. మొదటిది, వారు బందరునకు వచ్చినది ప్రభుత్వముగా కాదు, వర్తకులుగాను కొలువు వెదకుకొనువారుగాను వచ్చిరి. రెండవది, ఆ తీరముపై పడిన తుపానులు. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచినపుడు దాదాపు 30,000 మంది మరణించిరని లెక్క. అట్టి ఉప్పెనలు ఇండ్లను కూల్చుటయేగాక, కుటుంబముల జ్ఞాపకములను గూడ తుడిచివేసినవి.

వారికే వర్తించిన రెండవ పేరు ఫిరంగులు. ఇది బుడతకీచులకంటె ప్రాచీనమైనది. 'ఫ్రాంకు' అను ఐరోపాజాతి పేరును అరబ్బులు పశ్చిమదేశస్థుల కందరికిని వాడిరి. వారినుండి పారసీకులును, పారసీకులనుండి భారతీయులును గ్రహించిరి. 16వ శతాబ్దమున దక్కనువారికి తెలిసిన ఫిరంగులు ముఖ్యముగా పోర్తుగల్లువారే. తరువాత నా పేరు తెల్లవారి కెల్ల వ్యాపించినది. అబ్దుల్లాపూర్‌మెట్టుకు పొరుగుననున్న ఇబ్రహీంపట్నము చెరువునకు నీరు తెచ్చుటకై నిజాముల కాలమున త్రవ్వబడిన కాలువకు ఫిరంగినాలా యని పేరు. ఆ కాలువకును పోర్తుగల్లువారికిని సంబంధము లేదు. కనుక 'ఫిరంగి' యను పేరు వినబడిన చోట నెల్ల బుడతకీచుల నూహించుట పొరపాటు.

బందరు రేవున

వాస్కో డ గామా 1498లో కళ్లికోటకు వచ్చెను. 1510లో పోర్తుగల్లువారు గోవను జయించిరి. అది మొదలు వారు సముద్రముపై నొక నూతననియమమును విధించిరి. హిందూమహాసముద్రమున తిరుగు ప్రతి యోడయు వారివలన 'కర్తాజు' అను అనుమతిపత్రము పొందవలెను, వారి రేవులలో సుంకము చెల్లింపవలెను. పత్రము లేని యోడను వారు పట్టుకొని సరకును హరింతురు. గోల్కొండ నవాబుల యోడలు బందరునుండి మక్కాయాత్రకును, పెగూ, అచ్చీను, మలక్కా మొదలగు రేవులకును పోవుచుండెను. కావున గోల్కొండవారు గోవతో నొకప్పుడు విరోధించియు, ఒకప్పుడు సంధి చేసికొనియు కాలము గడపవలసి వచ్చెను. రాజుల మధ్య సంధి యున్నను లేకున్నను, వర్తకులు మాత్రము వచ్చుచు పోవుచునే యుండిరి.

బందరులో నివసించిన బుడతకీచులు పలువిధములవారు. సేనలో పని ముగించి పెండ్లియాడి స్థిరపడినవారిని వారి భాషలో 'కసాదు'లందురు, అనగా గృహస్థులని యర్థము. అట్టివారు చోళమండలతీరమున శాంథోము, నాగపట్టణము, పులికాటు మొదలగు చోట్ల గృహములు కట్టికొని యుండిరి. వారి బంధువులును వర్తకపు భాగస్వాములును బందరున కూడ నుండిరి. గోవ ప్రభుత్వమును విడిచి దక్కను సుల్తానులకడ ఫిరంగులు కాల్చుపనికి కుదిరిన సైనికులు మరికొందరు. వీరికి స్థానికస్త్రీలవలన కలిగిన సంతతి యింకొక వర్గము. ఈ మిశ్రసంతతివారిని ఆ తీరమున తోపాజులని పిలిచెడివారు. ఆ పేరు 'దుబాసి' నుండి పుట్టినదని కొందరును, 'టోపీ' నుండి పుట్టినదని కొందరును చెప్పుదురు. వీరి యిండ్లలో తల్లి భాష తెలుగో తమిళమో, తండ్రి భాష పోర్తుగీసు. రెండు భాషల కలయిక మొదట జరిగినది రాజసభలలో కాదు, ఇట్టి వంటయిండ్లలోనే.

వలందులు 1605-06లో బందరున అడుగుపెట్టిరి. ఆంగ్లేయుల ఓడ 1611లో వచ్చెను. వీరిరువురును బుడతకీచుల వర్తకమునకు గట్టి పోటీదారులైరి. 1641లో వలందులు మలక్కాను, 1658లో నాగపట్టణమును బుడతకీచులనుండి గైకొనిరి. 1662లో గోల్కొండ సేన శాంథోమును పట్టుకొనెను. ఇట్లు తూర్పుతీరమున బుడతకీచుల బలము అర్ధశతాబ్దిలో క్షీణించినది. అయినను వారి భాష క్షీణింపలేదు. విచిత్రమేమనగా, తెలుగున పోర్తుగీసు మాటలు వేళ్లూనినది వారి బలము తగ్గిన పిమ్మటనే యని చెప్పుటకు తగిన హేతువు కలదు.

ఓడిన జాతి, నిలిచిన భాష

వలందులును ఆంగ్లేయులును వచ్చునప్పటికి తీరమందలి రేవులలో నెల్ల ఐరోపావారితో మాటలాడుట కొక భాష సిద్ధముగా నుండెను. అది వ్యాకరణశుద్ధమైన పోర్తుగీసు కాదు. క్రియారూపములు తగ్గి, దేశభాషల మాటలు చేరి, బేరమునకును పనిచెప్పుటకును చాలునంత సులువైన రేవుభాష. తెలుగు దుబాసి ఆంగ్లేయవర్తకునితో మొదట నీ భాషనే మాటలాడెను. వలంద దొర తన వంటవానితో నీ భాషనే మాటలాడెను. కొత్తగా వచ్చినవారు దేశభాషలు నేర్చుటకంటె ఈ రేవుభాషను నేర్చుట సులభమని తలంచిరి.

దీనికి బలమైన నిదర్శన మొకటి కలదు. 1698లో ఆంగ్లేయ రాజ్యమున ఈస్టిండియా కంపెనీకి ఇయ్యబడిన అధికారపత్రమున, భారతదేశమునకు పోవు క్రైస్తవగురువులు ఒక సంవత్సరములోగా పోర్తుగీసు భాషను నేర్వవలెనని నిబంధన కలదు. ఆంగ్లేయుల కంపెనీ తన గురువులను ప్రత్యర్థిజాతి భాష నేర్వుమని నిర్బంధించినదన్న, ఆ భాష యెంతగా వ్యాపించియుండెనో గ్రహింపవచ్చును. చెన్నపట్టణము 1639లో దామెర్ల నాయకుల దానపత్రముతో నారంభమైనపుడు, శాంథోమునుండి బుడతకీచులు వచ్చి యచ్చట నివసించిరి. తెలుగు వర్తకులును నేతగాండ్రును కూడ వచ్చిరి. బందరున మొదలైన భాషాసంపర్కము చెన్నపట్టణమున మరింత దృఢపడినది.

ఈ సంగతి గ్రహించినచో మొదటి ప్రశ్నకు సమాధానము లభించును. పోర్తుగీసు మాటలు రాజశాసనముతో వచ్చినవి కావు. ఓడకును ఒడ్డునకును, దొరకును సేవకునకును, వర్తకునకును దుబాసికిని నడుమ వారధిగా నున్న భాషతో వచ్చినవి. కావుననే వానిలో పరిపాలనకును శాస్త్రమునకును చెందిన మాటలు అరుదు. ఇంటిసామాను, దుస్తులు, పనివాండ్రు, అంగడి - వీనికి సంబంధించిన మాటలే అధికము.

మాటల పరిశీలనము

ఇంటిసామానులో 'అర్మారియో' అనునది అలమార, అల్మారా యైనది. 'బాల్దె' బాల్చీ యైనది. 'మేజ' అనునది మేజా యైనది. 'పీప' అను మద్యపు కొయ్యపాత్ర పీపా యైనది. దుస్తులలో 'తోఆల్య' తువాలు, 'బొతౌఁ' బొత్తాము. పనివాండ్రలో 'మెస్త్రె' మేస్త్రి, బిడ్డల నెత్తుకొను 'ఆయ' ఆయా. క్రైస్తవగురువు 'పాద్రె' పాదిరి. బట్టలను సాపుచేయు ఇస్త్రీ, సాగదీయుట యను నర్థము గల 'ఎస్తిరార్' అను క్రియనుండి పుట్టినదని నిఘంటుకారుల యభిప్రాయము. అంగడిలో 'లైలౌఁ' వేలము. ఫలములలో 'అననాస్' అనాస, 'పపాయ' బొప్పాయి.

వీనిలో నొక ధ్వనినియమము కనబడుచున్నది. పోర్తుగీసున పదాంతమున ముక్కుతో పలుకబడు 'ఔఁ' అను ధ్వని కలదు. తెలుగున నట్టి ధ్వని లేదు. తెలుగువాడు ముక్కుధ్వనిని మకారముగా విని, దానిని తనకు సహజమైన ము-వర్ణముతో ముగించెను. అందుచే 'బొతౌఁ' బొత్తాము, 'లైలౌఁ' వేలము, 'గుదౌఁ' గోదాము. బొత్తాము ఆంగ్లేయులనుండి వచ్చియుండినచో బటను కావలసియుండెను. నేడు పట్టణములలో వినబడు బటను అట్లు వచ్చినదే. కావున ఆ రెండు రూపములును రెండు వేరువేరు కాలములకు సాక్షులు.

మాటకు స్వదేశపు టర్థమును చేర్చుకొనుట యింకొక విధము. తాళమును తెరచు సాధనమును తెలుగున తాళపుచెవి యందురు. తెరచు సాధనమునకు చెవి యను పేరెట్లు వచ్చినది? పోర్తుగీసున దానికి 'చావె' యని పేరు. తమిళమున నది చావి, ఉర్దూలో చాబీ. తెలుగువాడు 'చావి' యను అర్థములేని శబ్దమును విని, దానిని తనకు తెలిసిన 'చెవి'గా మార్చుకొనెనని యూహించుటకు అవకాశము కలదు. ఇది నిశ్చయము కాదు. కాని యిరుగుపొరుగు భాషల రూపములు ఈ యూహకు తోడ్పడుచున్నవి.

తెలుగు గ్రహింపని మాటలును విచారణీయములే. కిటికీకి తమిళులు పోర్తుగీసు 'జనేల' నుండి జన్నల్ అను మాటను చేసికొనిరి. తెలుగువారు ఉత్తరాదినుండి వచ్చిన కిటికీని నిలుపుకొనిరి. దక్షిణతీరమున బుడతకీచుల కాపురములు దట్టముగా నుండుటయు, తెలుగుతీరమున పలుచగా నుండుటయు ఈ భేదమునకు కారణము కావచ్చును.

రెండు ద్వారములు

అబ్దుల్లాపూర్‌మెట్ వంటి గ్రామముల భాష యిచ్చట ముఖ్యమగుచున్నది. గోల్కొండనుండి బందరునకు పోవు బాటను 17వ శతాబ్దపు నడుమ ఫ్రెంచి యాత్రికుడగు తావెర్నియే మజిలీలతో సహా వర్ణించెను. వానిలో హయత్‌నగరును పంతంగియు గలవు. హయత్‌నగరు అబ్దుల్లా కుతుబ్‌షా తల్లియగు హయాత్ బక్షీ బేగము పేర వెలసినది. నేటి మార్గమున హయత్‌నగరునకును పంతంగికిని నడుమ నున్నది అబ్దుల్లాపూర్‌మెట్. వజ్రములును అద్దకపు వస్త్రములును ఈ దిశగా తీరమునకు పోయినవి. ఆ అద్దకపు వస్త్రములను పారసీకులు కలంకారీ యనగా, బుడతకీచులు 'పింతాదు'లనిరి, అనగా చిత్రింపబడినవని యర్థము. సరకు దిగినచోట మాటయు దిగును. ఎడ్లబండ్లతో బందరు మాటలు పైకి వచ్చుటకు ఈ బాటయే మార్గము.

కాని గోల్కొండకు పశ్చిమమున నింకొక ద్వారము కలదు. గోవనుండి బిజాపురము మీదుగా వచ్చిన పోర్తుగీసు మాటలు దక్కనీ ఉర్దూలో చేరి, హైదరాబాదు నగరమునుండి చుట్టుపట్ల తెలుగులోనికి ప్రవహించినవి. ఒకే పోర్తుగీసు మాట యీ రెండు ద్వారములను ప్రవేశించినపుడు రెండు రూపములు దాల్చుచున్నది. తీరపు తెలుగున తువాలు, ఉర్దూలో తౌలియా. తీరపు తెలుగున పాదిరి, ఉర్దూలో పాద్రీ. తీరపు తెలుగున వేలము, ఉర్దూలో నీలాము. తెలుగున మేస్త్రి, ఉర్దూలో మిస్త్రీ. మేస్త్రిలోని ఏకారము 'మెస్త్రె' యందలి ఎకారమునకు దగ్గర. ఉర్దూరూపమున నది ఇకారమైనది. కావున మేస్త్రి యను రూపము ఉర్దూ మార్గమున వచ్చియుండదనియు, తూర్పుతీరపు పలుకుబడినుండియే వచ్చియుండుననియు చెప్పుట సమంజసము.

పొగాకు విషయము మరియు చిత్రమైనది. ఆ మొక్క అమెరికాఖండమునుండి వచ్చినది. మొగలాయి యుద్యోగియగు అసద్ బేగు 17వ శతాబ్దారంభమున దానిని బిజాపురమునుండి కొనిపోయి అక్బరు పాదుషాకు చూపెను. కనుక నప్పటికే దక్కనులో నది వ్యాపించియుండెను. పోర్తుగీసు 'తబాకు' ఉర్దూలో తంబాకు అయి, తెలంగాణపు పలుకులలో చేరినది. గ్రంథములయందును తీరమునను తెలుగువారు పొగ, ఆకు అను రెండు సొంతమాటలను కూర్చి పొగాకు అనిరి. ఒకే వస్తువునకు ఒకచోట ఎరువుమాట, మరియొకచోట సొంతమాట. వేలము విషయమున నిది తారుమారైనది. తీరమున పోర్తుగీసు మాట నిలువగా, తెలంగాణమున అరబ్బీనుండి వచ్చిన హర్రాజు వాడుకయందు నిలిచినది. ఇట్లు తెలంగాణము, తీరాంధ్రము అను రెండు ప్రాంతముల వాడుకను ప్రక్కప్రక్కన నుంచి చూడక, ఏ యొక్క ప్రాంతపు నిఘంటువునుబట్టియు ఈ చరిత్రను నిర్ణయింపరాదు.

ఫలమునకును రోగమునకును ఒకటే పేరు

ఫిరంగి శబ్దపు పరిణామము బుడతకీచుల రాకను జనులెట్లు భావించిరో తెలుపును. తెలుగున ఫిరంగి యనగా పెద్దతుపాకి. అనగా జాతి పేరే ఆయుధమునకు పేరైనది. తుపాకి యను మాట మాత్రము తురుష్కభాషనుండి వచ్చినది. అగ్న్యస్త్రములు దక్కనునకు బుడతకీచులవలననేగాక, పశ్చిమాసియావారివలనను వచ్చినవని యిందువలన తెలియుచున్నది. కొన్ని ప్రాంతములలో బొప్పాయిని పరంగికాయ యందురు. కన్నడమునను నట్టి పేరు కలదు. తమిళమున పరంగికాయ యనగా గుమ్మడి. మలయాళమున జీడిమామిడికి పరంగి పేరు చేరినది. పండు వేరైనను, ఓడనుండి దిగిన కొత్తకాయకు ఆ పేరే పెట్టిరి.

వైద్యమునను నీ పేరు ప్రవేశించెను. 16వ శతాబ్దమున భావమిశ్రుడు రచించిన భావప్రకాశమున ఫిరంగరోగము వర్ణింపబడినది. పూర్వపు సంహితలలో నా పేరు లేదు. అది విదేశీయుల సంపర్కముచే వ్యాపించిన సవాయిరోగము. దానికి మందుగా వాడిన చీనాదేశపు దుంపవేరును తెలుగు వైద్యులు పరంగిచెక్క యనిరి. రోగమునకును, రోగము కుదుర్చు వేరునకును ఒకే జాతి పేరు పెట్టిన ప్రజలు ఆ జాతిని కేవలము శత్రువులుగాను చూడలేదు, కేవలము మిత్రులుగాను చూడలేదు. సముద్రము తెచ్చిన మేలును కీడును రెంటిని గుర్తించిరి.

జీడిమామిడి, మిరపకాయ, జామ మొదలగునవి అమెరికానుండి వచ్చినవయ్యు తెలుగుపేర్లనే ధరించినవి. జీడిగింజను పోలినది గాన జీడిమామిడి. మిరియమువలె కారముగా నుండునది గాన మిరపకాయ. మాట రాలేదు గనుక వస్తువు రాలేదని తలంచుట యెంత తప్పో వీనివలన తెలియుచున్నది.

సందేహాస్పదములు

పోర్తుగీసు జాబితాలలో తరచుగా చేర్చబడు కొన్నిమాటలు నిలుకడగలవి కావు. సబ్బును 'సబౌఁ' నుండి సాధింతురు. కాని పైన చెప్పిన ధ్వనినియమముచే నది సబాము వంటి రూపము కావలసియుండెను. అరబ్బీ, ఉర్దూ భాషలలో సాబూన్ కలదు. ఐరోపామాటయు అరబ్బీమాటయు లాటినుభాషయందలి యొకే మూలమునకు చెందినవి. కావున సబ్బు ఏ త్రోవను వచ్చినదో నిర్ణయించుట కష్టము. మేజా విషయమునను పారసీకమున 'మేజ్' కలదు. దొరల యింటి వంటగదికి వాడిన కుసిని పోర్తుగీసు 'కొజీఞ' కావచ్చును, ఫ్రెంచి 'క్విజీన్' కావచ్చును. పరాసులు యానామున 1954 వరకు నుండుటచే ఈ రెండవ యూహను తోసివేయరాదు.

గిడ్డంగి కథ యింకొక విధము. తెలుగున గిడ్డంగి, తమిళమున కిడంగు, మలయుభాషలో గుదాంగ్ కలవు. ఈ మూటిలో నేది మూలమను విషయమున భేదాభిప్రాయములున్నవి. బుడతకీచులు ఆ మాటను ఈ తీరములలో విని 'గుదౌఁ' అని పలికి రేవురేవునకు వ్యాపింపజేసిరి. అది గోదాముగా తెలుగునకు తిరిగి వచ్చినది. నేడు గిడ్డంగియు గోదామును ఒక్క అంగడిలోనే ప్రక్కప్రక్కన వినబడుచున్నవి. ఋణముగా పోయిన మాట వడ్డీతో తిరిగివచ్చినట్లున్నది.

తెలుగునకు వారిచ్చిన పేరు

బుడతకీచులు మాటల నిచ్చుటయేగాక, తెలుగుభాషకే యొక పేరు పెట్టిరి. వారు భారతదేశమున మహమ్మదీయులను మూరులనియు, తక్కినవారిని 'జెంతియు'లనియు పిలిచిరి. జెంతియు అనగా అన్యమతస్థుడు. ఆంగ్లేయులు దీనిని జెంటూ యని పలికిరి. 1776లో హాల్‌హెడ్ ప్రకటించిన జెంటూ ధర్మశాస్త్రమున ఆ పేరు హిందువుల కందరికిని వర్తించినది. కాని చెన్నపట్టణమున నది సంకుచితమై, తెలుగువారిని తెలుగుభాషను మాత్రమే తెలుపసాగెను. 1816లో కాంప్బెల్లు తన తెలుగు వ్యాకరణమునకు పేరిడుచు, సామాన్యముగా జెంటూ యనబడు తెలుగు అని చెప్పవలసి వచ్చెను. మతభేదమును తెలుపు పేరొకటి ఒక భాషకు పేరై మూడు తరములు నిలిచినది. వలందుల, ఆంగ్లేయుల కాగితములలో జెంటూ యను పేరు చూచినపుడు, అది ఏ కాలమున హిందువని యర్థమో, ఏ కాలమున తెలుగని యర్థమో తెలియక చదివినచో చరిత్రయే తప్పిపోవును.

చేయదగిన పని

ఇంతవరకు చెప్పినదానివలన బందరు బుడతకీచు సంఘమును గూర్చి కొంత తెలియుచున్నది. వారు తెలుగువారికి పాలకులుగా కాక, ఇరుగుపొరుగువారుగాను, యజమానులుగాను, పనివారుగాను, బంధువులుగాను తెలిసినవారు. వారి మాటలు కచ్చేరీలో గాక, వంటింట, కుట్టుపనివాని యరుగున, కట్టుబడిగోడల కడ నిలిచినవి. రాజ్యము చేసినవారి మాటలు రాజ్యముతో మారును. పనితో వచ్చిన మాటలు పని యున్నంతకాల ముండును.

కాని ఇప్పుడు పనియే మారుచున్నది. అబ్దుల్లాపూర్‌మెట్ పరిసరములలో నగరము వేగముగా పెరుగుచున్నది. బాల్చీ స్థానమున బకెట్టు, తువాలు స్థానమున టవలు, బొత్తాము స్థానమున బటను వినబడుచున్నవి. ఎరువుమాట పోయి వేరొక ఎరువుమాట వచ్చినంతమాత్రమున భాషకు నష్టమేమి యని యడుగవచ్చును. వాడుకకు నష్టము లేకపోవచ్చును. చరిత్రకు మాత్రము నష్టము కలదు. బందరున సమాధి లేని, శాసనము లేని యొక సంఘమునకు ఈ మాటలే దస్తావేజులు.

బ్రౌను దొర 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రకటించి, వ్యవహారమున చేరిన పరభాషాపదములను ప్రత్యేకముగా కూర్చెను. తరువాతి నిఘంటువులు చాలవరకు పరభాషాపదమును అన్యదేశ్యమని గుర్తించి విడుచుచున్నవి. ఏ దేశమునుండి, ఏ రేవునుండి, ఏ భాష నోటిమీదుగా వచ్చినదో చెప్పుట లేదు. ఇకమీద చేయదగిన పని మూడు విధములుగా నున్నది. బందరు, నిజాంపట్నము, కోరంగి తీరములందలి పల్లెవారి పడవపనిముట్ల పేర్లను, కట్టుబడిమేస్త్రీల, దర్జీల పరిభాషను వృద్ధుల నోటినుండి వ్రాసికొనవలెను. అవే వస్తువులకు తెలంగాణపు పల్లెలలో నేమి పేర్లు కలవో ప్రక్కన చేర్చవలెను. ప్రతి మాటకు తమిళ, కన్నడ, ఉర్దూ, కొంకణి రూపములను సరిపోల్చి, అది తూర్పుద్వారమున వచ్చినదో పశ్చిమద్వారమున వచ్చినదో, లేక నిర్ణయింపరానిదో నిర్భయముగా వ్రాయవలెను.

ఈ పనికి గోవకో లిస్బనుకో పోయి గ్రంథాలయములు వెదకనక్కరలేదు. నిజాంపట్నపు పడవరేవును, అబ్దుల్లాపూర్‌మెట్టులో కట్టుచున్న గోడయు, దానిచెంత బాల్చీని బాల్చీ యని యింకను పిలుచుచున్న వృద్ధులును చాలును. వా రున్నప్పుడే యడిగి తెలిసికొనవలెను.